విజయవాడ – విశాఖపట్నం విమాన ప్రయాణం: దూరం, సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు విజయవాడ పటమటలో. మా అక్క వాళ్లది విశాఖ ఎంవీపీ కాలనీ. ఏడాదికి ఏడెనిమిది సార్లయినా ఈ రెండిళ్ల మధ్య తిరుగుతాం. బస్సులో, రైల్లో, కారులో, విమానంలో అన్నిట్లోనూ వెళ్లాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైన దగ్గర నుంచి విమానం గురించి ఆలోచించడం పెరిగింది. చుట్టాలు, కాలనీ వాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు కూడా పెరిగాయి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకు గాలిలో దూరం ఎంత?

సూటిగా కొలిస్తే దాదాపు 290 కిలోమీటర్లు. మైళ్లలో 180. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 157. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. కొన్ని సైట్లలో 157 అని, కొన్నింటిలో 180 అని, ఇంకొన్నింటిలో 290 అని కనిపిస్తే కంగారు పడకండి. మూడూ ఒకటే దూరం, కొలమానమే వేరు.

ఆ 290 ఎక్కడి నుంచి వచ్చింది? మనం లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. పదో తరగతి లెక్కలు చాలు. మా అక్క కొడుక్కి ఒకసారి కరెంటు బిల్లు వెనకాల వేసి చూపించాను, అదే ఇక్కడ రాస్తున్నాను.

గన్నవరం ఎయిర్‌పోర్టు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ ఎయిర్‌పోర్టు 17.72 డిగ్రీల ఉత్తరం, 83.22 డిగ్రీల తూర్పు. అంటే విశాఖ మనకన్నా 1.19 డిగ్రీలు పైకి, 2.42 డిగ్రీలు తూర్పుకి ఉందన్నమాట. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే మన దగ్గర సుమారు 110.7 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తరానికి 132 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. మన ప్రాంతంలో అది సుమారు 106.4. కాబట్టి తూర్పుకి దాదాపు 258 కిలోమీటర్లు. ఇక పైథాగరస్ సిద్ధాంతమే. 132 వర్గం, 258 వర్గం కూడి వర్గమూలం తీస్తే 290 వస్తుంది.

ఇంత తక్కువ దూరానికి భూమి గుండ్రదనం వల్ల పెద్ద తేడా రాదు. అదే హైదరాబాద్ నుంచి అమెరికాకు ఈ లెక్క వేస్తే పూర్తిగా తప్పిపోతుంది, దానికి గోళం మీద వేసే లెక్క వేరే ఉంది.

రోడ్డు మీద 350 కిలోమీటర్లు ఉంది కదా. మిగతా 60 ఏమైంది?

రోడ్డు, రైలు రెండూ దాదాపు 350 కిలోమీటర్లే. 16వ నంబర్ జాతీయ రహదారి ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి మీదుగా వెళ్తుంది. రైలు తాడేపల్లిగూడెం, రాజమండ్రి, సామర్లకోట, తుని చూసుకుంటూ పోతుంది. ఊళ్లను కలుపుకుంటూ, గోదావరి మీద వంతెన ఎక్కడుందో అక్కడికి తిరుగుతూ వెళ్లాలి కాబట్టి దూరం పెరుగుతుంది. పైగా 350 విజయవాడ నుంచి, 290 గన్నవరం నుంచి కొలిచినవి, కొంత తేడా అక్కడా వస్తుంది.

ఒక విశేషం చెప్పాలి. గన్నవరం నుంచి విశాఖకు మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది దాదాపు రాజమండ్రి నెత్తి మీదుగా, తుని పక్కగా పోతుంది. అంటే గాలిలో గీత, నేల మీద రైలు పట్టాలు చాలాచోట్ల దగ్గర దగ్గరగానే నడుస్తాయి.

అసలు గాలిలో ఎంతసేపు ఉంటాం?

రెక్కల దగ్గర పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ విమానమైతే సుమారు 45 నిమిషాలు. ఎయిర్‌బస్, బోయింగ్ లాంటి జెట్ అయితే 35 నుంచి 40. చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేలకు తగిలేదాకా లెక్క ఇది.

మరి టికెట్ మీద గంటా ఐదు నిమిషాలు అని ఎందుకు వేస్తారు?

టికెట్ మీద వేసేది గాలిలో ఉండే సమయం కాదు. విమానం నిలిపిన చోటి నుంచి కదిలినప్పటి నుంచి, అవతల ఎయిర్‌పోర్టులో నిలపాల్సిన చోట ఆగేదాకా ఉన్న మొత్తం సమయం. దీన్ని ఎయిర్‌లైన్ వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. ఇందులో రన్‌వే దాకా నేల మీద నడిచే సమయం, ముందు వేరే విమానం ఉంటే ఆగే సమయం, దిగాక మళ్లీ టెర్మినల్ దాకా వచ్చే సమయం అన్నీ కలుస్తాయి. కొంచెం ఆలస్యమైనా టైముకి చేరామని అనిపించుకోవడానికి నాలుగైదు నిమిషాలు అదనంగా కూడా కలుపుతారు. అందుకే ఏ ఇబ్బందీ లేని రోజున విమానం పది నిమిషాలు ముందే చేరిపోతుంది.

ఈ రూట్లో బ్లాక్ టైమ్ సాధారణంగా గంట అటూ ఇటూ ఉంటుంది. ఆ సంఖ్యను తేలిగ్గా తీసుకోకండి. విమానం రద్దయినప్పుడు మీకు రావాల్సిన డబ్బు దాన్నిబట్టే మారుతుంది. ఆ సంగతి కింద రాశాను.

ఏటీఆర్ వేగం గంటకు 500 కిలోమీటర్లు అంటారు. 290ని 500తో భాగిస్తే 35 నిమిషాలే కదా?

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు చాలామంది. లెక్క సరైనదే. కానీ విమానం ఆ 500 వేగంతో పోయేది మధ్యలో కాసేపే.

ఏటీఆర్ 17,000 అడుగుల ఎత్తుకు వెళ్తుందనుకోండి. అక్కడికి ఎక్కడానికే దాదాపు 15 నిమిషాలు పడుతుంది. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, ఆ 15 నిమిషాల్లో 85 కిలోమీటర్లు మాత్రమే ముందుకు వెళ్తుంది. దిగడం కూడా అంతే. పైలట్లు మనసులో పెట్టుకునే ఒక మోటు లెక్క ఉంది. ప్రతి 1,000 అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్లు కావాలి. అంటే 17,000 అడుగులు దిగడానికి 51 నాటికల్ మైళ్లు, దాదాపు 95 కిలోమీటర్ల ముందు నుంచే దిగడం మొదలుపెట్టాలి. 290లో ఎక్కడానికి 85, దిగడానికి 95 పోతే మిగిలింది 110 కిలోమీటర్లు. పూర్తి వేగంతో పోయేది ఆ 110లోనే, అది 13 నిమిషాల పని.

15, 13, మళ్లీ దిగడానికి 14 లేదా 15. రన్‌వేకి ఎదురుగా వచ్చి సర్దుకోవడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు. కూడితే 45.

సీటు బెల్టు లైటు ఆరిపోయి, నీళ్ల సీసా చేతికొచ్చి, మూత తీసేలోపే ‘దిగబోతున్నాం’ అని మైకులో వినిపించడానికి కారణం ఇదే. మొదటిసారి ఎక్కినప్పుడు అమ్మ ‘అప్పుడే దిగమంటున్నారేంట్రా, పొద్దున తిన్న ఇడ్లీ కూడా అరగలేదు’ అంది.

జెట్ విమానం వేగం 800 పైనే ఉంటుంది. అయితే సగం సమయంలో చేరాలి కదా?

చేరదు. పై లెక్కలోనే జవాబుంది. ఇంత చిన్న దూరంలో జెట్ తన పూర్తి ఎత్తుకు వెళ్లదు, పూర్తి వేగం అందుకునేలోపే దిగాలి. అందుకే ఏటీఆర్‌తో పోలిస్తే మిగిలేది ఐదు పది నిమిషాలే. నేల మీద పట్టే సమయం రెండింటికీ ఒకటే. పైగా ఏటీఆర్‌కు ఇంధనం తక్కువ పడుతుంది. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు. జనం మరీ ఎక్కువ లేని ఇలాంటి రూట్లకు అది సరిగ్గా సరిపోతుంది. ఫ్యాన్ విమానం అని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, దాని రెక్కల దగ్గర తిరిగే ఆ పంకాల వెనక ఉన్నది కూడా టర్బైన్ ఇంజనే. చప్పుడు, కుదుపు జెట్ కన్నా కొంచెం ఎక్కువ తెలుస్తాయి, అంతవరకే.

వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకటే సమయం పడుతుందా?

రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది. గాలి ఒక కారణం. విశాఖ మనకు ఈశాన్యాన, కొంచెం తూర్పు వైపుగా ఉంది. పడమటి గాలి వీస్తే విశాఖ వెళ్లే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, వచ్చేదానికి ఎదురొస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలికి ఈ దూరంలో వచ్చే తేడా కొద్ది నిమిషాలే.

రెండో కారణం రన్‌వే. గన్నవరం రన్‌వే ఒక చివర 08, రెండో చివర 26 అని రాసి ఉంటుంది. ఆ అంకె పక్కన ఒక సున్నా చేర్చుకుంటే దిక్సూచి డిగ్రీలు తెలుస్తాయి. 08 అంటే 80 డిగ్రీలు, దాదాపు తూర్పు. ఆ వైపు లేస్తే విశాఖ దారిలోనే ఉన్నట్టు. 26 వైపు, అంటే పడమటికి లేస్తే వెనక్కి తిరిగి రావాలి. విశాఖలో ప్రధాన రన్‌వే 10, 28. అక్కడ ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణం వైపు యారాడ కొండ ఉన్నాయి. ఎలా పడితే అలా తిరగడానికి వీలుండదు. గాలి వాటాన్నిబట్టి ఒక్కోసారి సముద్రం మీదికి వెళ్లి తిరిగొచ్చి దిగాల్సి ఉంటుంది. కిటికీలోంచి ఊరు కనిపించాక కూడా నీళ్ల మీదికి పోతుంటే, కొత్తవాళ్లకు టెన్షన్ వస్తుంది. అది మామూలే.

ఎత్తు కూడా వేరుగా ఉంటుంది. తూర్పుకు పోయే విమానాలకు 15, 17, 19 వేల అడుగులు, పడమటికి పోయేవాటికి 16, 18 వేలు ఇలా ఇస్తారు. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు ఒకే ఎత్తులో ఉండకుండా చేసిన ఏర్పాటు అది.

ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఎంత పడుతుంది?

నా ఉద్దేశంలో అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. 45 నిమిషాలు అనే మాట విని టికెట్ తీసుకున్నవాళ్లు తర్వాత నిరాశపడటం చూశాను.

మా ఇంటి లెక్క చెబుతాను. పటమట నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు 40 నిమిషాలు. విమానానికి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. చాలా ఎయిర్‌లైన్లు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి, 20, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. కాబట్టి ఆ గంటన్నర తగ్గించుకోవడానికి పెద్దగా వీల్లేదు. విమానం గంటా ఐదు నిమిషాలు. దిగి, బ్యాగు తీసుకుని బయటికి రావడానికి 25 నిమిషాలు. అక్కడి నుంచి ఎన్ఏడీ కూడలి మీదుగా ఎంవీపీ కాలనీకి 40 నిమిషాలు. మొత్తం 260 నిమిషాలు, అంటే నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది 45. ఆరో వంతు.

చేతి సంచి ఒక్కటే ఉండి, వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే అరగంట తగ్గుతుంది. గాజువాక, గోపాలపట్నం వైపు వెళ్లేవాళ్లకు ఇంకో పావుగంట కలిసొస్తుంది, ఎయిర్‌పోర్టు వాళ్లకు దగ్గర. అదే మధురవాడ, భీమిలి వైపైతే ఇంకో అరగంట కలుపుకోండి.

అయితే వందే భారత్ మేలా?

వందే భారత్‌లో విజయవాడ నుంచి విశాఖకు నాలుగున్నర గంటలు అటూ ఇటూ. మా ఇంటి నుంచి స్టేషన్‌కి 25 నిమిషాలు, 20 నిమిషాలు ముందుగా చేరడం, దిగాక బయటికి రావడం, అక్క ఇంటికి ఆటో, అన్నీ కలిపితే ఆరు గంటలు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో అయితే ప్రయాణమే ఆరు గంటల పైన. కారులో భోజనానికి ఆగి వెళ్తే ఏడు.

అంటే విమానం వల్ల నిజంగా మిగిలేది గంటన్నర. నాలుగు గంటలు కాదు. ఆ గంటన్నరకు ఎంత ఖర్చు పెట్టొచ్చో ఎవరికి వారు చూసుకోవాలి. నా మట్టుకు నేను ఒక్కడినే, పని తొందర లేనప్పుడు రైలే ఎక్కుతాను. కాళ్లు చాపుకోవచ్చు, ఫోన్ మాట్లాడుకోవచ్చు, గోదావరి నెమ్మదిగా కనిపిస్తుంది. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావాలన్నా, ఎక్కువసేపు కూర్చోలేని పెద్దవాళ్లు వెంట ఉన్నా, విశాఖ నుంచి ఇంకో విమానం పట్టుకోవాలన్నా గన్నవరం వైపే నా ఓటు. రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉండిపోయే సంక్రాంతి రోజుల సంగతి చెప్పక్కర్లేదు. కానీ అప్పుడు విమానం రేటు కూడా కొండెక్కి కూర్చుంటుంది, నెల ముందే చూసుకోవాలి.

నేరుగా విమానం లేని రోజున హైదరాబాద్ మీదుగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ వెళ్లకండి. గన్నవరం నుంచి శంషాబాద్ గాలిలో సుమారు 265 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి విశాఖ సుమారు 510. మొత్తం 775. ఉన్న దూరానికి రెండున్నర రెట్లు పైన, అదీ ముందు వెనక్కి పోయి. మధ్యలో శంషాబాద్‌లో రెండు మూడు గంటలు కూర్చోవాలి. టికెట్ సైట్లలో వెతికితే ‘1 స్టాప్, 5 గంటలు’ అని వచ్చేవి ఇవే. చెన్నై, బెంగళూరు మీదుగా చూపించేవి ఇంకా అన్యాయం. అలాంటి రోజు రైలెక్కడమే తెలివైన పని.

నేరుగా వెళ్లే విమానాల టైములు ఏడాదికి రెండుసార్లు మారతాయి. మార్చి ఆఖరి ఆదివారం నుంచి వేసవి షెడ్యూల్, అక్టోబర్ ఆఖరి ఆదివారం నుంచి శీతాకాలం షెడ్యూల్. ఈ రూట్లో విమానాలు పెట్టడం, తీసేయడం కూడా జరుగుతూ ఉంటుంది. పోయినసారి ఉదయం ఉంది కదా అని నమ్మి పెళ్లి ముహూర్తానికి ప్లాన్ చేసుకోవద్దు. మీ తేదీకి చూసుకోండి.

చలికాలంలో గన్నవరం పొగమంచు సంగతేంటి?

డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున గన్నవరం చుట్టుపక్కల పొగమంచు బాగా పడుతుంది. రన్‌వే కనిపించకపోతే విమానం దిగదు, గాలిలో చుట్టు కొడుతుంది. ఒక్కో చుట్టుకు సుమారు 4 నిమిషాలు. నాలుగైదు చుట్లు కొట్టినా మంచు విడకపోతే హైదరాబాద్ పంపేస్తారు.

ఇది మాకే జరిగింది. ఒక జనవరిలో అమ్మ, నేను విశాఖ నుంచి పొద్దున విమానంలో బయలుదేరాం. గన్నవరం మీదికి వచ్చాక కింద అంతా తెల్లగా, దూది పరిచినట్టు ఉంది. చుట్టు, మళ్లీ చుట్టు. కాసేపటికి పైలట్ హైదరాబాద్ వెళ్తున్నామని చెప్పాడు. అది పద్ధతి ప్రకారం చేసిన పనే, అతన్ని తప్పు పట్టను. కానీ అక్కడ దిగాక మళ్లీ ఎప్పుడు బయలుదేరుతామో ఒక్కరూ చెప్పలేదు. అమ్మ బీపీ మాత్రలు చెక్-ఇన్ చేసిన బ్యాగులో ఉన్నాయి. బ్యాగు విమానం కడుపులో ఉంది. ఒక చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడుగుతూ కూర్చున్నాను. పొద్దున 8కి ఇల్లు చేరాల్సినవాళ్లం మధ్యాహ్నం ఒంటిగంటకి చేరాం.

అప్పటి నుంచి రెండు నియమాలు. మాత్రలు, మందుల చీటీ ఎప్పుడూ చేతి సంచిలోనే. డిసెంబర్ 15 నుంచి జనవరి నెలాఖరు దాకా పొద్దున 9 లోపు గన్నవరంలో దిగే విమానం బుక్ చేయను. ఎండ ఎక్కితే మంచు విడిపోతుంది, ఆ తర్వాత విమానాలకు ఈ గొడవ ఉండదు.

విశాఖ వైపు ఆలస్యాలకు కారణాలేంటి?

విశాఖ ఎయిర్‌పోర్టు నేవీది. ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరం అది. పౌర విమానాలు ఆ రన్‌వేనే వాడుకుంటాయి, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ నేవీ చేతిలో ఉంది. నేవీ విమానాలు, హెలికాప్టర్లు ఎగిరే సమయాల్లో మనవాళ్లు ఆగాలి. 2023 నవంబర్ నుంచి 2024 మార్చి దాకా రన్‌వే మరమ్మతుల కోసం రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు మూసేశారు కూడా. అక్కడ కిటికీలోంచి ఫొటోలు, వీడియోలు తీయకండి. రక్షణ స్థావరంలో అది నిషేధం.

ఇక తుపాన్లు. అక్టోబర్, నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వస్తే టికెట్ ఉన్నవాళ్లు ఫోన్ మీద ఒక కన్ను వేసి ఉంచాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టెర్మినల్ పైకప్పు లేచిపోయింది. ఐదు రోజులపాటు విమానాలే లేవు.

విమానం ఆలస్యమైతే, రద్దయితే మనకు ఏం వస్తుంది?

ఇది చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నాను. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం, బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉన్న విమానం రెండు గంటలు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యమైతే ఎయిర్‌లైన్ టిఫినో, భోజనమో ఇవ్వాలి. మనది ఆ కోవలోకే వస్తుంది. ఆరు గంటలు దాటితే వేరే విమానంలో పంపాలి లేదా మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలి, ఏది కావాలో మీరు చెప్పొచ్చు.

సరిగ్గా చెప్పకుండా చివరి 24 గంటల్లో రద్దు చేస్తే పరిహారం కూడా ఉంది. బ్లాక్ టైమ్ గంట వరకు ఉంటే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు ఉంటే 7,500. లేదా ఒకవైపు బేసిక్ ఫేర్, ఇంధన చార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. చూశారా, టికెట్ మీద 1.00 అని ఉందా, 1.05 అని ఉందా అన్నది ఇక్కడ అవసరమొస్తుంది. అందుకే టికెట్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

పొగమంచు, తుపాను, ఎయిర్ ట్రాఫిక్ ఆంక్షల వంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం రాదు. డబ్బు వాపసు మాత్రం వస్తుంది. కౌంటర్ దగ్గర గట్టిగా అరవడం కన్నా ‘కారణం ఏంటో రాతపూర్వకంగా ఇవ్వండి’ అని నెమ్మదిగా అడగడం ఎక్కువ పని చేస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

నిశ్చింతగా తీసుకెళ్లండి. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, కనీసం 48 గంటల ముందు. ఏటీఆర్‌కు తలుపు వెనక వైపు ఉంటుంది, మెట్లు నాలుగైదే. అయినా ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. వీలైన చోట వాలుగా ఉండే ర్యాంప్ పెడతారు, పెట్టమని ముందే చెప్పండి. వెనక తలుపు కాబట్టి సీటు వెనక వరసల్లో తీసుకుంటే లోపల నడక తగ్గుతుంది. మేము ఈ సంగతి తెలియక మొదటిసారి డబ్బు కట్టి మరీ ముందు వరస తీసుకున్నాం. అమ్మ ఆ సన్నటి దారిలో ఈ చివర నుంచి ఆ చివరికి సీట్లు పట్టుకుంటూ నడిచింది.

లగేజీ?

ఎక్కువ ఎయిర్‌లైన్లలో దేశంలో ప్రయాణాలకు చెక్-ఇన్ 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఏటీఆర్‌లో పై అరలు చిన్నవి, గట్టి ట్రాలీ బ్యాగు పట్టకపోతే తీసుకుని కింద వేస్తారు. ఆవకాయ, నెయ్యి చెక్-ఇన్‌లోనే పెట్టాలి, సీసా మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో.

రాజమండ్రి వాళ్లకు ఈ రూటు పనికొస్తుందా?

రాదు. మధురపూడి ఎయిర్‌పోర్టు గన్నవరానికి 126, విశాఖకు 164 కిలోమీటర్ల దూరంలో, ఈ గీతకు పక్కనే ఉంది. అంత చిన్న దూరానికి రైలు, కారే మేలు.

భోగాపురం వస్తే లెక్కలు మారతాయా?

మారతాయి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయం విజయనగరం జిల్లాలో ఉంది. గన్నవరం నుంచి అక్కడికి గాలిలో సుమారు 330 కిలోమీటర్లు వస్తుంది. గాలిలో పెరిగేది ఐదారు నిమిషాలే. నేల మీద మాత్రం చాలా తేడా. విశాఖ నడిబొడ్డు నుంచి అది 45 కిలోమీటర్ల పైన. గాజువాక వాళ్లకు దూరం పెరుగుతుంది, భీమిలి, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు బాగా తగ్గుతుంది. మా లెక్కలో ఆ నాలుగు గంటల ఇరవై నిమిషాలు ఐదు దగ్గరికి వెళ్తుంది, అప్పుడు రైలుకూ విమానానికీ తేడా గంటకు దిగుతుంది. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టు ఉందో చూసుకునే క్యాబ్ ఎక్కండి.

కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

విశాఖ వెళ్లేటప్పుడు కుడి వైపు, వచ్చేటప్పుడు ఎడమ వైపు. ఏటీఆర్‌కు రెక్కలు కిటికీల పైన ఉంటాయి, అందుకే కిందికి అడ్డు లేకుండా కనిపిస్తుంది. లేచిన కాసేపటికి కొల్లేరు, చేపల చెరువులు గళ్ల చీరలా పరుచుకుని ఉంటాయి. దాదాపు సగం దారికి వచ్చేసరికి గోదావరి. ఆకాశం తేటగా ఉంటే ధవళేశ్వరంలో 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట చోట ఇప్పుడున్న బ్యారేజీ, అక్కడి నుంచి పాయలుగా విడిపోయే నది, ఆ వెనక కోనసీమ పచ్చదనం అంతా ఒక్క చూపులో పడతాయి. అవతలి వైపు కూర్చుంటే పాపికొండల దిక్కు కనిపిస్తుంది. వర్షాకాలంలో ఎటు కూర్చున్నా మబ్బులే.

అమ్మ రైల్లో వెళ్లినప్పుడల్లా గోదావరిలో రూపాయి బిళ్ల వేస్తుంది. మొదటిసారి విమానంలో వెళ్లిన రోజు కూడా ఇంట్లోంచే బిళ్ల పట్టుకొచ్చింది. నది కనిపించగానే కిటికీ అద్దానికి నుదురు ఆనించి దణ్ణం పెట్టుకుంది. బిళ్ల పిడికిట్లోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణం రైల్లో కాబట్టి ఆ రోజు వేసింది, రెండు బిళ్లలు కలిపి.